కౌన్సెలింగ్ ఫీజు కోసం చీటీ పాడుకోనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో పీజీలో ఉంటాను. చేతికి 58 వేలు వస్తుంది. పీజీకి 13 వేలు, ఇంటికి 15 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) 10 వేలు, చీటీ 5 వేలు, మిగతా ఖర్చులు 8 వేలు. కొన్నాళ్లుగా నిద్ర సరిగా పట్టదు, మీటింగ్ అంటే గుండె దడ. తెలుగులో మాట్లాడే సైకాలజిస్టుతో వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. సెషన్‌కి 1,400. ఇప్పుడు 20 సెషన్ల ప్యాకేజీ 24 వేలకు ఇస్తామంటున్నారు. లక్ష రూపాయల చీటీలో 11 నెలలు కట్టాను. అది పాడుకుని ప్యాకేజీ తీసుకోనా, సిప్ ఆపేయనా? ఇంట్లో ఈ విషయం తెలియదు. బ్యాంకు మెసేజ్‌లు నాన్న ఫోన్‌కి వెళ్తాయని ఫీజు నా ఫ్రెండ్‌తో కట్టిస్తున్నాను. పొదుపు ఖాతాలో 40 వేలు ఉంది.

జవాబు: చీటీ పాడొద్దు. నెలకు 5,600 ఖర్చు కోసం పాటలో వేలకు వేలు వదులుకోవడం ఏం లెక్క? ప్యాకేజీ కూడా ఇప్పుడే వద్దు. 24 వేలను 1,400తో భాగించి చూడండి, 17 దాటుతుంది. అంటే 18వ సెషన్‌కి వెళ్తేనే మీకు రూపాయి మిగిలేది. పది సెషన్లకే మనసు కుదుటపడినా, ఆ సైకాలజిస్టుతో పొసగకపోయినా, కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం మరో టెన్షన్. జిమ్‌కి ఏడాది ఫీజు ముందే కట్టి రెండో నెల నుంచి మానేసినవాళ్లు నా క్లయింట్లలో చాలామందే ఉన్నారు (నేనూ ఉన్నాను).

మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత నాలుగు నెలలు రెండు వారాలకోసారి అనుకుందాం. మొత్తం 16 సెషన్లు, 22,400. ఎప్పుడు తగ్గించాలో మీ సైకాలజిస్టు చెప్పాలి, నేను కాదు. సిప్‌ను ఆరు నెలలు 5 వేలకు తగ్గిస్తే 30 వేలు చేతిలో ఉంటుంది. ఫీజులు పోగా మిగిలేది డాక్టరుకీ మందులకీ ఉంచండి. సిప్ తగ్గించినా ఫండ్ వాళ్లు జరిమానా వేయరు. 40 వేల జోలికి మాత్రం వెళ్లొద్దు. అది మీ ఒక్క నెల ఖర్చుకే చాలదు.

ఇంకో రూపాయి పెట్టే ముందు ఉచితంగా దొరికేది చూడండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరు. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దాన్ని ముందుండి నడిపేది మీరుంటున్న బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే. వారం వారం ఒకే మనిషితో సాగే థెరపీకి ఇది బదులు కాదు. కానీ అర్ధరాత్రి దడ ఆగనప్పుడు, బతకాలనిపించనప్పుడు మొదట చేయాల్సిన కాల్ ఇదే. కంపెనీలో ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ సెషన్లు ఉన్నాయేమో ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు వెతకండి. చాలా ఐటీ కంపెనీల్లో ఉంటాయి, వాడుకునేవాళ్లే తక్కువ.

నిద్ర లేకపోవడం, దడ అంటున్నారు కాబట్టి సైకియాట్రిస్టుకూ ఒకసారి చూపించుకోండి. సైకాలజిస్టు మందులు రాయరు. డాక్టరు వీడియోలో చూసి మందులు రాయడానికి 2020 మార్చి నాటి టెలీమెడిసిన్ నిబంధనలు వీలిచ్చాయి. అయితే కొన్ని మందులకు నేరుగా వెళ్లక తప్పదు. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు నేరుగా వెళ్తే ఖర్చు తక్కువ, కానీ ఒక సెలవు పెట్టుకోవాలి.

ఇన్సూరెన్స్ సంగతి మీరు అడగలేదు. అయినా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక సమస్యలకూ బీమా ఇవ్వాలి. కాకపోతే మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, మీ 1,400 ఇవ్వవు. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు పాలసీకి అదనంగా జోడించుకునే ఓపీడీ రైడర్ తీసుకునే ముందు దాని ప్రీమియం, అది ఇచ్చే పరిమితి పక్కపక్కన రాసి చూడండి. కంపెనీ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ప్రపోజల్ ఫారంలో ఈ కౌన్సెలింగ్ సంగతి దాచొద్దు. చెబితే ముందునుంచీ ఉన్న జబ్బుగా లెక్కేసి మూడేళ్ల వరకు వేచి ఉండమనవచ్చు. దాచి దొరికితే క్లెయిమే పోవచ్చు. ఇక ఆదాయపు పన్నులో 80డి మినహాయింపు అంటారా, ఈ ఫీజులకు మీ వయసులో ఏ రాయితీ రాదు.

ఇంట్లో చెప్పడం, మానడం మీ ఇష్టం. కానీ ఖాతాకు వేరొకరి నంబరు ఉండటం మాత్రం నా సబ్జెక్టే. మీ డబ్బుకి ఓటీపీ ప్రొద్దుటూరులో మోగకూడదు, అది నాన్నగారి ఫోన్ అయినా సరే. ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి నంబరు మార్పించుకోండి. రెండో, నాలుగో శనివారం మాత్రం వెళ్లకండి, బ్యాంకులకు సెలవు.