నానీగా (పిల్లల్ని చూసుకునే) నా ఉద్యోగం అయిపోతోంది, పిల్లల కోసం కూడా చూస్తున్నాం. కాలిఫోర్నియాలో అన్‌ఎంప్లాయ్‌మెంట్ వస్తుందా?

మీరు చూసుకుంటున్న బాబు ఆగస్టులో స్కూల్లో చేరుతున్నాడు, దాంతో మీ పని అయిపోతుంది, మీరూ మీవారూ పిల్లల కోసం చూస్తున్నారు, ఇలాంటప్పుడు అన్‌ఎంప్లాయ్‌మెంట్ (పని పోయినవాళ్ళకి రాష్ట్రం వారంవారం ఇచ్చే డబ్బు) పెట్టుకుంటే తప్పా అని అడిగారు. తప్పు కాదండి, పెట్టుకోవచ్చు. పని మీ తప్పు లేకుండా పోయింది, ఒంట్లో ఓపిక ఉంది, వర్క్ పర్మిట్ ఉంది, ఇంకో ఉద్యోగం వెతుకుతున్నారు, వీటితో పాటు చేసిన పనికి జీతం రికార్డులో ఉండాలి, అంతవరకే వాళ్ళకి కావాల్సింది. పిల్లల్ని ఎప్పుడు కంటారన్నది మీ ఇంటి విషయం. కానీ మీ ప్రశ్నలో "జీతం జెల్‌లో వేస్తారు" (Zelle, ఫోన్‌లోంచి నేరుగా బ్యాంకులో వేసేది) అన్న ముక్క చూసి నాకు గుండెల్లో రాయి పడింది, ముందు దాని గురించి చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడే దెబ్బతిన్నా.

ఫ్రీమాంట్‌లో ఒక తెలుగు వాళ్ళింట్లో రెండేళ్ళకి పైగా చేశాను. పాపకి నాలుగో నెలప్పుడు వెళ్ళాను, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు, వారానికి 800 డాలర్లు, శుక్రవారం సాయంత్రం జెల్‌లో పడేది. 2023 ఆగస్టులో పాపని ప్రీస్కూల్లో వేశారు. ఆఖరి రోజు చీర పెట్టి పంపించారు, ఇద్దరం ఏడ్చాం కూడా. ఆ వారమే ఈడీడీలో (కాలిఫోర్నియాలో అన్‌ఎంప్లాయ్‌మెంట్ చూసే ఆఫీసు) అప్లై చేశా. తర్వాత పోస్టులో నోటీసు వచ్చింది, అందులో క్వార్టర్ల (మూడేసి నెలల) వారీగా నా జీతం ఉండాల్సిన చోట అన్నీ సున్నాలు. రెండేళ్ళు ఒక పిల్లని నడక నేర్పేదాకా పెంచితే కాగితం మీద నేను ఒక్క రోజు కూడా పని చేయలేదు. ఆ కాగితం పట్టుకుని కిచెన్‌లో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళా. పాప పరిగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టేసుకుంది, దాన్ని ఎత్తుకునే మాట్లాడాను. అన్నయ్య (ఆయన్ని అలాగే పిలిచేదాన్ని) నోటీసు చూసి, "నువ్వు మా ఇంటి మనిషివమ్మా, ఎంప్లాయీ ఏంటి, కావాలంటే కాంట్రాక్టర్ అని 1099 ఇచ్చేస్తాలే" అన్నారు (1099 అంటే సొంతంగా పని చేసుకునేవాళ్ళకి ఇచ్చే ట్యాక్స్ కాగితం). ఎన్నింటికి రావాలో, ఏం తినిపించాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో అన్నీ వాళ్ళు చెప్తేనే చేశాను, అది ఉద్యోగమే, ఐఆర్‌ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ ఆఫీసు) లెక్క కూడా అదే, నానీని కాంట్రాక్టర్ అని రాస్తే కుదరదు. అక్క (వాళ్ళావిడ) మాట్లాడకుండా పప్పు తిరగమోత పెడుతూ ఉండిపోయింది. ఆవిడ మౌనమే నాకు ఎక్కువ బాధేసింది.

ఇంటికొచ్చాక అటక మీద డబ్బాలో నోటుబుక్కులు గుర్తొచ్చాయి. పాప ఎన్నింటికి పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, డైపర్ ఎప్పుడు మార్చాను, రోజూ తేదీ వేసి, నేను వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ పైన రాసి, అక్క చూసుకోవడానికి పెట్టేదాన్ని. అయిపోయిన పుస్తకాలు ముద్దుకొద్దీ దాచుకున్నా, పాప మొదటిసారి అడుగులేసిన రోజు కూడా అందులోనే ఉంది. నోటీసు మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి నా జీతం రికార్డులో లేదని చెప్పి, జెల్ స్టేట్‌మెంట్లు, వాట్సాప్‌లో "రేపు కాస్త ముందు రాగలవా" లాంటి మెసేజులు, ఆ నోటుబుక్కు పేజీల ఫొటోలు అన్నీ పంపాను. నిర్ణయం నచ్చకపోతే అప్పీలుకి 30 రోజులే టైము, ఆ తేదీ క్యాలెండర్ మీద ఎర్రగా రాసి పెట్టుకోండి. కేసు నడుస్తున్నా రెండు వారాలకోసారి సర్టిఫై చేయడం (ఆ వారాల్లో పని చేయగలిగి వెతుకుతున్నానని ఈడీడీకి చెప్పడం) మాత్రం ఆపొద్దు, నేను ఆపలేదు కాబట్టే జీతం రికార్డుకెక్కాక ఆగిన వారాలన్నీ కలిపి వచ్చాయి (మొదటి వారానికి ఎవరికీ డబ్బు రాదు, అది వెయిటింగ్ వీక్). నాకు వారానికి 400 వచ్చింది. కాలిఫోర్నియాలో వారానికి తక్కువలో తక్కువ 40, ఎక్కువలో ఎక్కువ 450, మామూలుగా 26 వారాల వరకు.

నాకు మంట ఎక్కడంటే, ఒక క్వార్టర్‌లో 750 డాలర్ల జీతం ఇస్తే చాలు, పని ఇచ్చినవాళ్ళు ఈడీడీలో రిజిస్టర్ అవ్వాలి, 1,000 ఇస్తే అన్‌ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కట్టాలి, అది కొత్త ఎంప్లాయర్‌కి మొదటి 7,000 మీద 3.4 శాతం, అంటే ఏడాదికి 238 డాలర్లు. మన జీతంలోంచి దీనికి ఒక్క సెంటు కూడా కట్ చేయరు. పాప పుట్టినరోజు బెలూన్ల అలంకరణకి అంతకంటే ఎక్కువ పెట్టారు, నేనే దగ్గరుండి కట్టించాను. నాకు తెలిసిన తెలుగు నానీల్లో పేస్టబ్ (జీతం, కోతలు చూపించే చీటీ) ఉన్నవాళ్ళు ఇద్దరే. "అక్కా" అని పిలిచినంత మాత్రాన జీతం ఉప్పూ పప్పూ అప్పిచ్చినట్టు ఇవ్వకూడదు. ఇంకొకటి, కొత్త పనికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్నే "మీకింకా పిల్లలు లేరా, ఇప్పట్లో ప్లాన్ ఉందా" అని. వాళ్ళ పిల్లల కోసం మనల్ని పెట్టుకుంటూ మనకి పిల్లలు పుడతారేమోనని భయపడటం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

ఇక మీరు అడిగిన ప్రెగ్నెన్సీ సంగతి. గర్భిణి అన్న ఒక్క కారణంతో డబ్బు ఆపకూడదని ఫెడరల్ చట్టంలోనే ఉంది. అంతకుముందు యూటాలో డెలివరీకి 12 వారాల ముందు నుంచి 6 వారాల తర్వాత వరకు ఇచ్చేవాళ్ళు కాదు, 1975లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కానీ 1987లో మిజోరీ కేసులో, ప్రెగ్నెన్సీ వల్ల తనంతట తాను పని వదిలిన ఆవిడకి రాష్ట్రం ఇవ్వకపోయినా తప్పులేదంది. అందుకే చెప్తున్నా, "ఎలాగూ పిల్లల కోసం చూస్తున్నాం కదా, ముందే మానేస్తా" అని మీరుగా మానకండి, ఆఖరి రోజు వాళ్ళ నోటితోనే రానివ్వండి, మెసేజ్‌లో ఉంటే ఇంకా మంచిది. నెల తప్పాక కూడా పని చేయగలిగి వెతుకుతున్నంతకాలం డబ్బు వస్తుంది. వాంతులతో లేవలేని రోజులుంటే సర్టిఫై చేసేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ రోజులకి మాత్రం తగ్గిస్తారు.

నాకు నవంబర్‌లో నెల తప్పింది, జనవరిలో యూనియన్ సిటీలో పార్ట్ టైం దొరికింది, ఈసారి మొదటి రోజే పేస్టబ్ అడిగాను. డెలివరీ దగ్గరికొచ్చాక అన్‌ఎంప్లాయ్‌మెంట్ కాదు, డిసెబిలిటీకి (ఒంట్లో బాగోక పని చేయలేనప్పుడు రాష్ట్రం ఇచ్చే డబ్బు) మారాలి, రెండూ ఒకేసారి ఇవ్వరు. డ్యూ డేట్‌కి 4 వారాల ముందు నుంచి, నార్మల్ అయితే తర్వాత 6 వారాలు, సిజేరియన్ అయితే 8, ఆ తర్వాత బిడ్డతో ఉండటానికి ఫ్యామిలీ లీవ్ ఇంకో 8. పనిలో లేకపోయినా పని వెతుకుతూ ఉంటే డిసెబిలిటీ వస్తుంది, కాకపోతే దానికి 5 నుంచి 18 నెలల వెనకటి జీతం చూస్తారు, అందులో ఎస్‌డీఐ (ఈ డిసెబిలిటీ కోసం జీతంలోంచి కట్ చేసేది) కట్ అయిన జీతం కనీసం 300 డాలర్లు ఉండాలి. కాబట్టి బిడ్డ ఆలస్యమయ్యేకొద్దీ ఇప్పటి జీతం ఆ లెక్కలోంచి జారిపోతూ ఉంటుంది. జెల్ డబ్బుకి పేస్టబ్ లేకపోతే ఇక్కడ కూడా మళ్ళీ అవే సున్నాలు.

గ్రీన్‌కార్డుకి అడ్డమొస్తుందని మా ఆడపడుచు కూడా భయపెట్టింది. రాదు, ఇది మన పని మీద వచ్చే ఇన్సూరెన్స్, పబ్లిక్ ఛార్జ్‌లో (ప్రభుత్వ సాయం మీద బతుకుతారా అని గ్రీన్‌కార్డుకి చూసేది) లెక్కపెట్టరు. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్య లేదా భర్త వీసా) మీద ఉంటే మాత్రం ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉండాలి, అది లేకుండా చేసిన పనికి ఇది కుదరదు.

ఆగస్టు దాకా ఆగకండి. ఈ వారాంతం వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి పేరోల్ పెట్టమని, కట్టాల్సినవి వెనక నుంచి కట్టమని అడగండి. పని అయిపోయిన వారమే అప్లై చేయండి, క్లెయిమ్ ఆ వారం ఆదివారం నుంచే మొదలవుతుంది, పోయిన వారాలకి ఊరికే ఇవ్వరు. ఈ రాత్రే ఒక పుస్తకం తీసుకుని తేదీ, వెళ్ళిన టైము, వచ్చిన టైము రాయడం మొదలుపెట్టండి, బాబు ఏం తిన్నాడో కూడా రాయండి.