పరీక్ష రాసి మరిచిపోయే పాఠమేనా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. సుస్థిరాభివృద్ధి గురించి మాకు విడిగా ఒక పేపర్ ఉంది. నిర్వచనాన్నీ, ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాల పేర్లనూ బట్టీపట్టి రాస్తే మార్కులు వస్తున్నాయి. సెమిస్టర్ ముగియగానే అంతా మరిచిపోతున్నాం. ఈ విషయంలో ఉన్నత విద్య నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: మీ అసంతృప్తి సమంజసమైనదే. రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లండ్ సంఘం తన నివేదికలో చెప్పిన మాటను తప్పు లేకుండా రాయడం వేరు. తాను నేర్చుకుంటున్న వృత్తి ఆ తరాల వాటాకు ఎక్కడ గండి కొడుతోందో గుర్తుపట్టడం వేరు. విడిగా ఒక పేపర్ పెడితే మిగిలిన పేపర్లన్నీ పాత దారిలోనే నడుస్తాయి.

సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి ఉదయం ఉద్గారాల గురించి పాఠం విని, మధ్యాహ్నం డిజైన్ క్లాసులో కాంక్రీటును బలం, ఖర్చు అనే రెండు కొలతలతోనే లెక్కగడితే ఉదయం విన్నది వృథా. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. అందులో సగానికి పైగా బట్టీలో మండే ఇంధనం నుంచి కాక, కాలుతున్న సున్నపురాయి నుంచే వస్తుంది కాబట్టి, బట్టీకి సౌర విద్యుత్తు ఇచ్చినంత మాత్రాన ఆ భాగం తగ్గదు. ఈ సంగతి చెప్పవలసిన చోటు డిజైన్ క్లాసే. వైద్య విద్యలోనూ అంతే: మత్తుమందుగా వాడే డెస్‌ఫ్లూరేన్ వాయువు, నూరేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే రెండు వేల రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుందని మత్తు వైద్యం నేర్చుకునేటప్పుడే తెలిస్తే, దాని బదులు వేరే మందు ఎంచుకోవడం అలవాటుగా మారుతుంది.

బోధన కన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది పరిశోధనకు, అందులోనూ వెంటనే లాభం కనిపించని పరిశోధనకు. స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు, అది పది లక్షల భాగాల్లో సుమారు 315 భాగాలు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. రోజూ అదే కొలత ఎందుకని నిధులిచ్చేవారు అడగడం సహజమే. 1964లో డబ్బు చాలక కొన్ని నెలలు కొలతలు ఆగిపోయాయి కూడా. అయినా పట్టు విడవకుండా సాగించిన ఆ కొలతల వల్లనే వాతావరణ చర్చకు గట్టి ఆధారం దొరికింది. ఇలాంటి ఓపిక మార్కెట్‌కూ ఉండదు, ఎన్నికల గడువు చూసుకునే ప్రభుత్వాలకూ సాధారణంగా ఉండదు.

ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షెర్‌వుడ్ రోలండ్, మారియో మోలినా 1974లో చేసిన పని మరో రకం. శీతలీకరణ యంత్రాల్లోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు పై వాతావరణంలోకి చేరి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని వారు లెక్కలతో చూపారు. ఆ రసాయనాలు తయారుచేసే పరిశ్రమ గట్టిగా ఎదురు వాదించింది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ విపరీతంగా తరిగిపోతోందని బయటపడింది; 1987లో ఆ రసాయనాలను అదుపు చేసే మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. పరిశ్రమ జీతం మీద బతికే శాస్త్రవేత్తలే అయితే ఆ హెచ్చరిక అంత నిర్భయంగా వచ్చేదా అన్నది నా అనుమానం.

ప్రశ్న: మా అమ్మాయిని చేర్పించాలనుకుంటున్న విశ్వవిద్యాలయం సుస్థిరత ర్యాంకుల్లో ముందుందని, భవనాల మీద సౌర ఫలకాలు ఉన్నాయని ప్రకటించుకుంటోంది. దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: సౌర ఫలకాలు మంచివే, కాని అవి ఏ కార్యాలయం మీదైనా ఉండవచ్చు. ర్యాంకు ఎలా వచ్చిందో మాత్రం తెలుసుకోండి. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ అనే బ్రిటిష్ సంస్థ 2019లో మొదలుపెట్టిన ఇంపాక్ట్ ర్యాంకుల మొత్తం స్కోరులో, ఐక్యరాజ్యసమితి లక్ష్యాల్లో భాగస్వామ్యాలకు సంబంధించిన 17వ దాన్ని తప్పనిసరిగా కలిపి, మిగిలిన వాటిలో ఆ సంస్థకు ఎక్కువ మార్కులు వచ్చిన మూడింటినే లెక్కలోకి తీసుకుంటారు. అంటే వెనకబడిన లక్ష్యాలు ఆ అంకెలో కనబడవు. ప్రతిజ్ఞల మాటకు వస్తే, 1990లో ఫ్రాన్స్‌లోని తాల్వార్‌లో 22 మంది విశ్వవిద్యాలయాధిపతులు సుస్థిరతకు కట్టుబడతామని సంతకాలు చేశారు. ఆ తర్వాత వందలాది సంస్థలు వారి వెంట నడిచాయి. సంతకం పెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు. సంస్థ తన మూలనిధిని ఏ కంపెనీల్లో పెట్టుబడిగా ఉంచింది, క్యాంపస్ నీటి, విద్యుత్ వాడకం వివరాలను విద్యార్థుల ప్రాజెక్టులకు ఇస్తుందా, పేద కుటుంబాల పిల్లలకు ఎన్ని సీట్లు నిజంగా అందుతున్నాయి అని అడగండి. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆ లక్ష్యాల్లో నాలుగోదాని కింద ఉన్న 4.3 ఉపలక్ష్యం అందరికీ అందుబాటు ధరలో ఉన్నత విద్య దక్కాలని కోరుతోంది. ప్రకటనల్లో ఈ మాట అరుదుగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. ఇదంతా సైన్స్, ఇంజనీరింగ్ వారి పని కాదా?

జవాబు: కాదు. ఎలినార్ ఆస్ట్రమ్ మీ శాస్త్రానికి చెందినవారే. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో భూగర్భ జలాన్ని అందరూ పోటీపడి తోడుకుంటుంటే దాన్ని కాపాడుకునే ఏర్పాట్లు ఎలా రూపుదిద్దుకున్నాయన్నదే ఆమె డాక్టరేట్ అంశం. ఉమ్మడి వనరు పాడవక తప్పదని, ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని లేదా ప్రైవేటుపరం చేయాలని చెప్పేవారికి ఆమె స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లనూ నేపాల్ సాగునీటి కాలువలనూ చూపి, వాడుకునేవారే నియమాలు పెట్టుకుని తరతరాలుగా నిలబెట్టుకున్న చోట్లు ఉన్నాయని నిరూపించారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విభాగంలో దాన్ని అందుకున్న మొదటి మహిళ ఆమే. బావి ఎంత లోతుందో ఇంజనీరు చెప్పగలడు. ఎవరు ఎంత తోడుకోవాలి, నియమం తప్పినవారిని ఎవరు అడగాలి అన్న ప్రశ్నలు మీ క్లాసులోవే.