కలల పుస్తకాలు చదువుతూ నీట్ రాయనంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. హాస్టల్లో ఉంటుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు బ్యాగులో ఫిజిక్స్ మెటీరియల్ అడుగున నాలుగు ఇంగ్లిష్ పుస్తకాలు కనిపించాయి. అన్నీ కలలు, మెదడు, మనసు గురించే. వాటి అట్టల ఫొటోలు పంపుతున్నాను. రాత్రి ఒంటిగంట దాకా అవే చదువుతోంది. ఇప్పుడు నీట్ రాయను, సైకాలజీ చదువుతానంటోంది. వాళ్ల నాన్న ‘సైకాలజీ చదివి ఎర్రగడ్డలో కూర్చుంటావా’ అని కేకలేశారు. అప్పట్నుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఎర్రగడ్డ సంగతి తేల్చేద్దాం. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. అందులో కూర్చునేవాళ్లు రోగులొక్కరే కాదు, ఎండీ సైకియాట్రీ చదువుతున్న డాక్టర్లు కూడా. ఆ కుర్చీ దక్కాలంటే ఎంబీబీఎస్ పూర్తిచేసి, నీట్ పీజీలో మంచి ర్యాంకు తెచ్చుకోవాలి. మీవారు తిట్టాననుకుని దీవించారు. ఈ మాట ఆయనకు చెప్పండి, ఇంట్లో మాటలు మొదలవడానికి పనికొస్తుంది.

ఫొటోలు చూశాను. నాలుగూ నేను చదివినవే, మంచి పుస్తకాలే. పుస్తకాల షాపుల్లో వీటి పక్కనే ‘సబ్‌కాన్షస్ మైండ్‌తో కోటీశ్వరులు కండి’ బాపతు పుస్తకాలు కూడా పెడతారు. మీ అమ్మాయి ఆ అరలోంచి ఒక్కటీ తియ్యలేదు. ఎంపిక తెలిసిన పిల్లే.

నా దగ్గరికి ఇలాంటి పిల్లలు వస్తే నేను మొదట అడిగేది ఒకటే. ఈ పుస్తకం రాసినాయన పొద్దున్నే లేచి ఏ పనికి వెళ్లేవాడు? పిల్లలు పుస్తకాన్ని ఇష్టపడతారు, రాసినవాళ్ల ఉద్యోగం సంగతి పట్టించుకోరు. తీరా కోర్సులో చేరాక ఎదురయ్యేది ఆ ఉద్యోగమే.

మొదటి పుస్తకం భార్య తలను టోపీ అనుకుని అందుకోబోయిన సంగీతం మాస్టారి కథతో మొదలవుతుంది. 1985లో వచ్చింది. రాసిన ఆలివర్ సాక్స్ న్యూరాలజిస్టు, నరాల డాక్టరు. అంటే ఎంబీబీఎస్ లాంటి చదువు, ఆ తర్వాత ఆస్పత్రి, ఏళ్ల తరబడి రోగుల పక్కన కూర్చుని వాళ్లు చెప్పేది వినడం. రెండోది 1998లో వచ్చింది, మెదడు మీద వి.ఎస్.రామచంద్రన్ రాసిన పుస్తకం. ఆయన మన పక్కనే చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసి పరిశోధనలోకి వెళ్లారు. మూడోది కలల మీద ఫ్రాయిడ్ రాసింది. ఆయనా వియన్నాలో నరాల డాక్టరే. ఆ పుస్తకం 1899 నవంబరులో వచ్చింది, లోపల మాత్రం 1900 అని వేశారు. మొదట అచ్చేసిన 600 కాపీలు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఇవాళ నిద్ర మీద ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఆ పుస్తకంతో పని మొదలుపెట్టరు. చరిత్రగా చదవాల్సిందే.

చూశారుగా, నాలుగింటిలో మూడు రాసింది డాక్టర్లే. నీట్ మానేయడానికి మీ అమ్మాయి చూపిస్తున్న పుస్తకాలే నీట్ రాయమంటున్నాయి!

నాలుగోది చైతన్యం మీద డేవిడ్ చామర్స్ రాసింది. ఆయన డాక్టరు కాదు. డిగ్రీలో లెక్కలు చదివి, ఫిలాసఫీలోకి మళ్లినవాడు. ఫొటోలో ఆ పుస్తకంలోంచి బస్ టికెట్టు బయటికి కనిపిస్తోంది, ఇరవయ్యో పేజీ దాటినట్టు లేదు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆగిందీ ఇంచుమించు అక్కడే. దానికి చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి.

ఇక్కణ్నుంచి అమ్మాయితో మాట్లాడతాను, ఈ పేజీ తనకివ్వండి.

చూడమ్మా, ఆ పుస్తకాల్లో నువ్వు ఏ పేజీ దగ్గర ఆగి మళ్లీ చదివావో గుర్తుచేసుకో. ఉదాహరణకు రామచంద్రన్ అద్దం పెట్టె. చెయ్యి తీసేసిన మనిషికి ఆ లేని చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంటుంది. పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నంత నొప్పి. లేని పిడికిలిని తెరవడం ఎలా? పెట్టెలో నిలువుగా ఒక అద్దం పెట్టి, ఉన్న చేతిని దాని ముందు ఉంచమన్నారు. పోయిన చెయ్యి ఉండాల్సిన చోట ఉన్న చేతి ప్రతిబింబం కనిపించింది. ఉన్న చేతిని మెల్లగా తెరిస్తే, కంటికి ఆ రెండో చెయ్యి కూడా తెరుచుకున్నట్టే కనిపించింది. దాంతో కొందరికి ఆ బిగుతు సడలింది. లక్షల రూపాయల యంత్రమేమీ లేదు, మామూలు అద్దం.

ఇది చదివినప్పుడు నీకేం అనిపించింది? ‘పాపం, ఆ మనిషి ఎంత బాధపడ్డాడో’ అనా? ‘అద్దం పెట్టి చూద్దామని ఎలా తట్టింది? అందరికీ ఎందుకు పనిచేయదు?’ అనా? ‘అసలు లేని చేతికి నొప్పి ఉండటమేంటి, నొప్పి అంటే ఏంటి?’ అనా? మూడూ అనిపించాయని అంటావు, నాకు తెలుసు. అన్నిటికంటే ముందు ఏది తట్టిందో అది చెప్పు.

మొదటిదైతే నీ పని మనుషులతో. దానికి రెండు దారులు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎండీ సైకియాట్రీ మూడేళ్లు. లేదంటే సైకాలజీలో డిగ్రీ, పీజీ, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ శిక్షణ. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పేరు వినే ఉంటావు. చాలాకాలం ఈ శిక్షణ అంటే రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు ఆ కోర్సుల స్వరూపం మారుతోంది కాబట్టి, చేరే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్లో ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేనిదే క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా మందులు రాయలేవు, ఆ పని సైకియాట్రిస్టుది. ‘డిగ్రీ సైకాలజీ చాలు, కౌన్సెలర్ అయిపోవచ్చు’ అని ఎవరైనా చెబితే నమ్మకు. ఏ దారిలో వెళ్లినా కనీసం ఏడేళ్ల మాట. నీట్ తప్పించుకోవడానికి సైకాలజీ దగ్గరిదారి కాదు.

రెండో ప్రశ్న ముందు తట్టిందా? నాకైతే ఈ జాతి పిల్లలంటే కొంచెం పక్షపాతం. అందుకే నీకో కథ చెబుతాను. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్స్కీ అనే విద్యార్థి ఉండేవాడు. డిగ్రీ పట్టా లేకుండానే పరిశోధనలో చేరినవాడు, పెళ్లాం బిడ్డలున్నవాడు, చేతిలో డబ్బుల్లేనివాడు. 1951 చివర్లో పాత యంత్రం ఒకటి బాగుచేసుకుని, ఎనిమిదేళ్ల కొడుకు కళ్ల దగ్గర తీగలు అంటించి రాత్రంతా కూర్చున్నాడు. కాగితం మీద గీతలు గీస్తూ పోయే యంత్రం అది, ఒక్క రాత్రికి దాదాపు అర మైలు కాగితం తినేది. పిల్లాడు గాఢంగా నిద్రపోతున్నాడు, కళ్లు మాత్రం రెప్పల కింద అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి. యంత్రం పాడైందేమోనని అనుమానపడ్డాడు, మళ్లీ మళ్లీ చూశాడు. తర్వాత ఇతరుల మీదా చూశాడు, ఆ స్థితిలో లేపి అడిగితే ఎక్కువమంది కల వస్తోందన్నారు. 1953లో గురువు క్లైట్‌మన్‌తో కలిసి అచ్చేసిన వ్యాసం అదే. మనం రెమ్ నిద్ర, అంటే కళ్లు వేగంగా కదిలే నిద్ర, అంటున్నది దాన్నే. మరి ఆ తర్వాత ఆయన ఏం చేశాడు? కుటుంబాన్ని పోషించాలి కదా. నిద్రను వదిలి, నీళ్లలో కరెంటు పెడితే సాల్మన్ చేపలు ఏమవుతాయో చూసే ఉద్యోగానికి వెళ్లాడు!

ఆ అర మైలు కాగితాన్ని కూర్చుని చదవగలవా? ఇప్పుడు కాగితం పోయి కంప్యూటరొచ్చింది, కూర్చోవడం మాత్రం అలాగే ఉంది. స్టాటిస్టిక్స్, కొంచెం ప్రోగ్రామింగ్ తప్పవు. కలల కోసమని సైకాలజీలో చేరిన ఒక కుర్రాడు మొదటి సెమిస్టర్లోనే స్టాటిస్టిక్స్ పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చి ‘సార్, కలలెక్కడ?’ అన్నాడు. ఆ లెక్కల్లోనే ఉన్నాయి.

ఈ దారికి డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ కాన్పూర్, అలహాబాద్ యూనివర్సిటీ ఉన్నాయి. మెదడు కణాల స్థాయిలో పనిచేయాలంటే హరియాణాలోని మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్. ఇంటర్ అవగానే అంటే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌ల ఐదేళ్ల బీఎస్–ఎంఎస్ చూడు, ఒకటి తిరుపతిలోనే ఉంది. వాళ్ల ప్రవేశ పరీక్షలో లెక్కలూ వస్తాయి. బైపీసీ వాళ్లకు చిక్కంతా అక్కడే, అయినా రాయొచ్చు. మిగతా మూడు సబ్జెక్టులూ నీట్‌కు చదివినవే.

మూడో ప్రశ్న తట్టినవాళ్లు తక్కువ. వాళ్ల దారి ఫిలాసఫీ. మెలకువ, కల, గాఢనిద్ర, వాటిని దాటిన నాలుగోది అంటూ పన్నెండే మంత్రాల్లో మాండూక్యోపనిషత్తు ఎత్తుకున్నదీ ఈ ప్రశ్ననే. జవాబు కోసం మాత్రం తొందరపడకు. మెదడులో చైతన్యం ఎలా పుడుతుందో 25 ఏళ్లలో తేలిపోతుందని క్రిస్టఫ్ కాక్ అనే న్యూరోసైంటిస్టు 1998లో నీ నాలుగో పుస్తకం చామర్స్‌తో పందెం కాశాడు. 2023లో న్యూయార్క్ సభలో ఓటమి ఒప్పుకుని వైన్ సీసాల పెట్టె చేతికిచ్చాడు. ఈ దారిలో ఉద్యోగాలంటే దాదాపు బోధనే, అవీ తక్కువే. అది తెలిసే వెళ్లాలి.

అమ్మా, మళ్లీ మీకు. ఈ ఏడాది నీట్ రాయించండి. ఇంత దూరం వచ్చాక మానేయడంలో అర్థం లేదు. ఐసర్ దరఖాస్తు కూడా పెట్టించండి. సీటు రాకపోతే మాత్రం తనను అడక్కుండా లాంగ్ టర్మ్‌లో వేయకండి. పుస్తకాలు దాచకండి, ఆదివారం చదువుకోనివ్వండి. రాత్రి పదకొండుకు లైటు ఆర్పించండి. నిద్ర గురించి చదవడానికి నిద్ర మానుకోవడమేం చోద్యం?

తనకో పని కూడా ఇస్తున్నాను. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మీ ఇంట్లోనూ అంటారు కదా. రెమ్ నిద్ర సుమారు గంటన్నరకోసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. అందుకే ఆ వేళ కలలు ఎక్కువగా గుర్తుంటాయి. నిజమవుతాయా అన్నది వేరే సంగతి. తలగడ పక్కన నోటు పుస్తకం, పెన్ను పెట్టుకోమనండి. మెలకువ రాగానే, ఎవరితోనూ మాట్లాడక ముందే, టైము వేసి కల రాయాలి. కల రాని రోజు ‘లేదు’ అని రాయాలి, ఆ రోజులు వదిలేస్తే లెక్క తప్పుతుంది. జరిగిన తర్వాత గుర్తొచ్చిన కలను ‘నిజమైంది’ అని లెక్కలో కలపకూడదు, ముందే రాసి ఉంటేనే చెల్లుతుంది. ఇలా నాలుగు వారాలు. రోజుకు ఐదు నిమిషాలు చాలు, నీట్‌కేమీ అడ్డు రాదు.

ఎన్ని రోజులు రాసింది, ఎన్ని ‘లేదు’లు, ఎన్ని నిజమయ్యాయి, పదో రోజు విసుగొచ్చి మానేసిందా – ఏదైనా సరే ఉన్నదున్నట్టు నాకు రాయమనండి. దాన్ని చూశాక కోర్సుల మాట మాట్లాడదాం.