షరతుల దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

దేశదేశాల్లో మానవ హక్కుల పరిస్థితి చూడటానికి వెళ్లే ఐక్యరాజ్యసమితి నిపుణుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కోపం బాగుంది, దాన్ని పోగొట్టుకోకు. కానీ ఆ నిపుణులు ఏం చెప్పినా నిజమే, ప్రభుత్వాలు ఏం చెప్పినా బుకాయింపే అన్న లెక్కన రాసుకుంటూ పోయావు. చివర్లో మాత్రం ఎవరో బ్యాలెన్స్ చెయ్యమన్నట్టు ప్రభుత్వ ప్రకటన ఒక పేరా అతికించావు. నువ్వు తీర్పు ముందే రాసేసుకున్నావని ఆ పేరాతో ఇంకా బాగా తెలిసిపోయింది.

ఈసారి నిపుణుడు ఏం తేల్చాడన్న దగ్గర మొదలుపెట్టకు. ఏ షరతుల మీద ఆ దేశంలో అడుగుపెట్టాడో, లేదా ఎందుకు అడుగుపెట్టలేకపోయాడో, అక్కడ మొదలుపెట్టు.

ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకున్నవాళ్లను అమెరికా ఉంచిన క్యూబాలోని జైలు, గ్వాంటనామో సంగతే తీసుకో. అయిదుగురు నిపుణులు అక్కడికి వెళ్తామని అమెరికాను అడుగుతూ వచ్చారు. 2005 అక్టోబరులో అయిదుగురిలో ముగ్గురికి, అదీ ఒక్క రోజుకి అనుమతి వచ్చింది, ఖైదీలతో విడిగా మాట్లాడటం మాత్రం కుదరదన్నారు. ముగ్గురే అంటే సరే అన్నారు, ఒక్క రోజే అంటే దానికీ సరే అన్నారు, ఖైదీతో ఒంటరిగా మాట్లాడనివ్వం అంటే మాత్రం ఒప్పుకోలేదు, ప్రయాణం మానుకున్నారు. కాపలావాడు పక్కనే నిలబడి ఉండగా "నిన్ను కొట్టారా" అని అడిగితే ఎవడు నిజం చెప్తాడు? ఆ జవాబు రిపోర్టులో పెడితే ప్రభుత్వానికి ఉత్తపుణ్యానికి సర్టిఫికెట్ రాసిచ్చినట్టే. విడుదలైన ఖైదీలు, లాయర్లు చెప్పినవీ, అమెరికా రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులూ పెట్టుకుని 2006 ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చారు. రమ్మంటే రాకుండా ఎలా రాశారని అమెరికా మండిపడింది. ఆ మాటలో కొంత పస ఉంది, కళ్లారా చూడని చోటు గురించి రాస్తే ఆ లోటు ఉంటుంది. ఆ సంగతి దాచకుండా రాయి, వాళ్లు ఎందుకు వెళ్లలేదో కూడా దాని పక్కనే రాయి. అప్పుడు ఎవరిని నమ్మాలో పాఠకుడే తేల్చుకుంటాడు.

అదే చోటికి 2023 ఫిబ్రవరిలో ఐర్లండ్‌కు చెందిన లా ప్రొఫెసర్ ఫినూలా నీ ఎలాన్ వెళ్లారు. ఒక అంశం మీద విచారించి రిపోర్టు ఇచ్చే ఐరాస నిపుణుడిని, అంటే స్పెషల్ రాపోర్టర్‌ని లోపలికి రానివ్వడం అదే మొదలు, ఖైదీలతో మాట్లాడనిచ్చారు కూడా. తలుపు తీసినందుకు ఆమె అమెరికాను మెచ్చుకున్నారు, అయినా అక్కడ ఖైదీలను చూసే తీరు ఇప్పటికీ క్రూరం, అమానుషం అని రాశారు. అమెరికా చాలా విషయాల్లో ఒప్పుకోమని జవాబిచ్చింది. నా దృష్టిలో నమ్మకం అంటే ఇంతే, ఇంతకు మించి ఆశించకు. అది కూడా ఎప్పటికీ నిలిచేది కాదు. అదే అమెరికా 2025 జూలైలో ఫ్రాన్సెస్కా అల్బనీస్ అనే మరో రాపోర్టర్ మీద, పదవిలో ఉండగానే, ఆంక్షలు పెట్టింది.

2005 నాటి ఆ అయిదుగురిలో అస్మా జహంగీర్ ఒకరు. పాకిస్తాన్ లాయర్, ముషారఫ్ ఎమర్జెన్సీలో 2007 నవంబరులో గృహ నిర్బంధంలో ఉన్న మనిషి. నాలుగు నెలలు తిరక్కుండానే మత స్వేచ్ఛ మీద రాపోర్టర్‌గా మన దేశానికి వచ్చారు. మన ప్రభుత్వం ఆమెను గుజరాత్, జమ్మూ కాశ్మీర్ దాకా తిరగనిచ్చింది, ఆ పని మెచ్చుకోదగ్గదని నేననుకుంటాను. ఎస్సీ హోదాకూ మతానికీ ముడి తీసెయ్యాలని ఆమె చెప్పిన మాట మన కోస్తా జిల్లాల దళిత క్రైస్తవులకు ఎంత పెద్దదో నీకు చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు చూసి రిపోర్టు ఇలాగే ఉంటుందని ఊహించేవాళ్లు రెండు వైపులా ఉంటారు, వాళ్లకోసం రాయకు.

ప్రభుత్వాలు అడిగే ప్రశ్నలు కొన్ని న్యాయమైనవే. వీళ్లు ఎవరు, జీతం ఎవరిస్తున్నారు, మమ్మల్ని అడక్కుండా ప్రెస్‌కి ఎక్కుతారా అని. జవాబులున్నాయి, రాయి: పని చేసినందుకు ఐరాస జీతం ఇవ్వదు, ఆరేళ్లకు మించి ఆ పదవిలో ఉండనివ్వదు. తేల్చిన విషయాలు ముందుగా ఆ ప్రభుత్వానికే అందాలని, జవాబుకు తగినంత టైమ్ ఇవ్వాలని 2007లో మానవ హక్కుల మండలి పెట్టిన ప్రవర్తనా నియమావళిలో ఉంది. నిపుణుడు ఆ నియమం తప్పితే నువ్వే ముందు ఎత్తిచూపాలి.

ఇంకొకటి. మాటల గొడవ వెంట పరుగెత్తకు. 2017 నవంబరులో నీరు, పారిశుద్ధ్యం చూడటానికి వచ్చిన బ్రెజిల్ నిపుణుడు లియో హెల్లర్, స్వచ్ఛ భారత్ లోగోలో ఉన్న గాంధీ కళ్లద్దాలకు మానవ హక్కుల లెన్స్ వెయ్యాల్సిన సమయం వచ్చిందన్నాడు, ప్రభుత్వం జాతిపితను కించపరిచాడని విరుచుకుపడింది. ఆ పోలిక లేకపోయినా ఆయన చెప్పదలచుకున్నది చెప్పొచ్చు, ప్రభుత్వానికి కూడా అంత కోపం అక్కర్లేదు. కానీ మరుగుదొడ్లు కట్టే హడావిడిలో పాకీ పని చేసేవాళ్ల హక్కులు ఏమవుతాయి, ఆరుబయటకు వెళ్లేవాళ్లను అవమానించడం ఏమిటి అని ఆయన అడిగింది ఆ గొడవలో కొట్టుకుపోయింది. నీ వ్యాసం ఉండాల్సింది అక్కడ.

నువ్వు ఏ పర్యటన గురించి రాశావో దాని మీద నిపుణుడు ఇచ్చిన రిపోర్టు పూర్తిగా చదువు, దానికి ప్రభుత్వం రాసిన జవాబు వెతికి అది కూడా చదువు, పత్రికల్లో వచ్చిన ముక్క కాదు. ఆ జవాబులో నీకు నిజమనిపించిన మాట ఒక్కటైనా ఉంటే చివర్లో అతికించకుండా, అది తేలాల్సిన చోటే, వ్యాసం మధ్యలో పెట్టి మళ్లీ పంపు.

మీ అక్క