మాది హనుమకొండే, మా అమ్మాయి నాన్-లోకల్ ఎలా అయింది?

ప్రశ్న: మూడు తరాలుగా మాది హనుమకొండ. భూమి, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఇక్కడే. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఎంబీబీఎస్ జాబితాలో మా అమ్మాయిని నాన్-లోకల్ అన్నారు. పిల్ల అన్నం మానేసి ఏడుస్తోంది. మావారు సీఆర్‌పీఎఫ్‌లో ఉండగా తను 9, 10 తరగతులు నాగ్‌పూర్‌లో చదివింది, ఇంటర్ ఇక్కడే. దరఖాస్తుతో తహసీల్దారు ఇచ్చిన నివాస ధ్రువపత్రం పెట్టాం. ఆ రెండేళ్లకు స్టడీ సర్టిఫికెట్ ఇస్తామని తెలిసిన స్కూలు వాళ్లు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, మూడు తరాల సంగతి పక్కన పెట్టండి. శాశ్వత నివాసి అయితే చాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న రద్దు చేసింది. వైద్య సీట్ల భర్తీపై రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 33 ప్రకారం ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు తెలంగాణలో చదవాలి. మీ అమ్మాయి చదివింది రెండేళ్లు. ర్యాంకు ఎంత మంచిదైనా ఆ లోటు తీరదు.

మీ ఉత్తరంలో కేసును తేల్చేది మీ భర్త ఉద్యోగం. సైన్యం, కేంద్ర సాయుధ బలగాల్లో ఉన్నవారి పిల్లలకు ఆ కేసులోనే ప్రభుత్వం మినహాయింపు ఒప్పుకుంది. షరతులు రెండు. ఉద్యోగంలో చేరినప్పుడే సొంతూరు తెలంగాణలోదని రాయించి ఉండాలి. పిల్ల బయట చదివిన ఆ ఏళ్లలోనే తండ్రి తెలంగాణ బయట పనిచేసి ఉండాలి. ఆయన 2014కు ముందు చేరి ఉంటే సర్వీసు రికార్డులో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. అందుకే ఊరు, మండలం, జిల్లా పేర్లతో సహా యూనిట్ నుంచి ధ్రువపత్రం తీసుకోండి. పోస్టింగ్ తేదీలు అందులో విడిగా ఉండాలి, అవి నాగ్‌పూర్ స్కూలు టీసీలోని తేదీలతో సరిపోవాలి.

ఇంత ముఖ్యమైన కాగితం వదిలేసి నివాస ధ్రువపత్రం ఒక్కటే పెట్టడం మీ తప్పు. పిల్ల భవిష్యత్తు ఆధారపడిన నోటిఫికేషన్‌ను ఇంట్లో ఒక్కరైనా పూర్తిగా చదవాల్సింది.

స్టడీ సర్టిఫికెట్ మాట మళ్లీ ఎత్తొద్దు. అమ్మాయి పదో తరగతి మార్కుల మెమో మీదే నాగ్‌పూర్ స్కూలు పేరుంటుంది. పట్టుబడితే సీటు పోతుంది, సగం చదువయ్యాకైనా పోతుంది. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ కేసు కూడా పడొచ్చు. అప్పుడు నిజమైన మినహాయింపు కూడా ఎవరూ నమ్మరు.

అర్హత గడువు నాటికే ఉండి, దాని రుజువు ఆలస్యమైతే కొంత సడలింపు ఉండొచ్చని 2004లో డాలీ ఛందా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు ఆసరా అదే. అయితే అక్కడ తప్పు చేసింది సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసు, ఇక్కడ మీరు. అందుకే రోజులు లెక్కపెట్టుకోండి. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు చట్టంలో గడువు రాసి లేదు, కానీ అడ్మిషన్ల కేసుల్లో వారం ఆలస్యమైనా జడ్జి అడుగుతారు. వెంటనే కోర్టుకు వచ్చినవారికే ఉపశమనమని 2019లో కృష్ణ శ్రద్ధ తీర్పు చెప్పింది.

యూనిట్ పత్రం అందిన రోజే హెల్త్ యూనివర్సిటీకి అభ్యంతరం ఈమెయిల్‌లోనూ, చేతికీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. రెండు మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఆ ముద్ర పడిన కాపీతో హైకోర్టులో రిట్ వేయండి, తుది తీర్పు దాకా ఒక సీటు ఖాళీగా ఉంచమని మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఈలోపు 15 శాతం ఆల్ ఇండియా కోటా కౌన్సెలింగ్ వదలొద్దు, అక్కడ లోకల్ అన్న ప్రశ్నే రాదు.