ఆర్మీ నుంచి రిటైరై లోక్‌సభకు పోటీ చేయాలంటే: ఓట్ల కంటే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది: "మా బావగారు ఆర్మీలో సుబేదార్. సర్వీసు అయిపోవచ్చింది, త్వరలో అల్వాల్‌లోని సొంతింటికి వచ్చేస్తున్నారు. ఎంపీగా నిలబడతానంటున్నారు. ఫౌజీలకు వేరే రూల్స్ ఉన్నాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

వేరే రూల్స్ తక్కువే. అర్హత అందరికీ ఒకటే. పాతికేళ్లు నిండి, దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. రిటైరయ్యాక ఇన్నేళ్లు ఆగాలన్న నిబంధన ఎన్నికల చట్టంలో లేదు. జనరల్ వీకే సింగ్ 2012లో ఆర్మీ చీఫ్‌గా దిగిపోయి, 2014లో ఘజియాబాద్ ఎంపీ అయ్యారు. పింఛను తీసుకుంటున్నంత మాత్రాన లాభదాయక పదవిలో (అంటే పోటీకి అనర్హుణ్ని చేసే ప్రభుత్వ పదవిలో) ఉన్నట్టు కాదు, ఆ భయం వద్దు. ఫౌజీలు దెబ్బతినేది ఇంకోచోట. మనిషి ఇంటికొచ్చేస్తాడు, కాగితాల్లో మాత్రం ఇంకా యూనిట్‌లోనే ఉంటాడు.

మొదటి చిక్కు సెలవు. రిటైర్మెంట్‌కు ముందు మిగిలిన లీవంతా వాడుకుని చాలామంది రెండు మూడు నెలల ముందే ఇంటికొస్తారు. ఆ రోజుల్లో ఏదో పార్టీ సభకు వెళ్లి కండువా కప్పించుకుంటారు. కానీ డిశ్చార్జ్ తేదీ దాకా మనిషి ఆర్మీ యాక్ట్ కిందే ఉన్నట్టు లెక్క. ఆర్మీ రూల్స్ 1954లోని 20వ రూల్ ప్రకారం రాజకీయ సభకు వెళ్లడం, పార్టీలో చేరడం, చందా ఇవ్వడం, అభ్యర్థినని ప్రకటించుకోవడం అన్నీ నిషేధం. వేరేవాళ్లు ప్రకటిస్తే ఊరుకోవడం కూడా తప్పే. కాబట్టి డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) చేతికొచ్చేదాకా కాలనీ వాట్సాప్ గ్రూపులో "మన కాబోయే ఎంపీ" అని ఎవరైనా పెట్టినా తీయించేయమనండి.

రెండోది ఓటు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సర్వీస్ ఓటరుగా జాబితా చివరి భాగంలో పేరు ఉంటుంది. అల్వాల్ వచ్చాక ఫారం 6 (ఓటరు నమోదు దరఖాస్తు) పెట్టి అక్కడి సాధారణ జాబితాలోకి రావాలి, పాత ఎంట్రీ తీయించాలి. నామినేషన్ల ఆఖరి తేదీ దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు ఎక్కదు. ఇది నోటిఫికేషన్ వచ్చాక చేసే పని కాదు, ఇంటికి రాగానే మొదటి వారంలో చేసేది.

ఇక్కడే మన హైదరాబాద్ తికమక ఒకటుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అసెంబ్లీ సెగ్మెంట్ సికింద్రాబాద్ లోక్‌సభలో లేదు, మల్కాజిగిరి లోక్‌సభలో ఉంది. అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి, సైనిక్‌పురి అంతా మల్కాజిగిరే. చిలకలగూడ, సీతాఫల్‌మండి వైపు వెళ్తే సికింద్రాబాద్. దీనివల్ల ఏమవుతుందంటే, స్వతంత్రుడిగా గానీ గుర్తింపు లేని పార్టీ తరఫున గానీ వేస్తే పదిమంది ప్రతిపాదకులు (నామినేషన్ మీద పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసేవాళ్లు) కావాలి, పదిమందీ పోటీ చేసే నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. సీతాఫల్‌మండి మిత్రుడి సంతకం మల్కాజిగిరిలో చెల్లదు. సరిగ్గా పదిమందే ఉండి అందులో ఒకరిది ఇలా పోతే నామినేషన్ పోయినట్టే. నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల దాకా వేయొచ్చు కాబట్టి ఒక్కో సెట్‌కు వేర్వేరు పదిమందిని పెట్టుకోవడం మేలు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికైతే ఒక్క ప్రతిపాదకుడు చాలు. సొంత ఓటు ఒకచోట ఉండి వేరే నియోజకవర్గంలో పోటీ చేస్తే, తన పేరున్న ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ జతచేయాలి.

మూడోది రెండో ఉద్యోగం. రిటైరైన ఫౌజీలు మళ్లీ డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లోనో, బ్యాంకులోనో, రాష్ట్ర ప్రభుత్వంలోనో చేరుతుంటారు. ప్రభుత్వ ఉద్యోగం లాభదాయక పదవే, అందులో ఉండి నామినేషన్ వేయకూడదు. ప్రభుత్వ రంగ సంస్థల సర్వీసు నిబంధనలూ ఒప్పుకోవు. రాజీనామా ఇచ్చాను అంటే సరిపోదు, ఆమోదించిన ఉత్తర్వు నామినేషన్ నాటికి చేతిలో ఉండాలి. టెరిటోరియల్ ఆర్మీ పదవికి మాత్రం 1959 నాటి చట్టంలో మినహాయింపు ఉంది. సెక్యూరిటీ ఏజెన్సీ లాంటిది పెట్టి ప్రభుత్వంతో కాంట్రాక్టు చేసుకున్నవాళ్లయితే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ (ప్రభుత్వ కాంట్రాక్టుల వల్ల వచ్చే అనర్హత) వర్తిస్తుందో లేదో లాయరుకు కాగితాలు చూపించి తేల్చుకోవాలి. ఆ కాంట్రాక్టు భార్య పేరిట ఉన్నా నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో రాయాల్సిందే.

సర్వీసు నుంచి డిస్మిస్ అయినవాళ్ల సంగతి వేరే. డిస్మిస్ అయి ఐదేళ్లు కాకపోతే, అవినీతి వల్లో దేశద్రోహం వల్లో కాదని ఎన్నికల కమిషన్ ఇచ్చిన సర్టిఫికెట్ నామినేషన్‌తో పాటే ఉండాలి. 2019లో వారణాసిలో తేజ్ బహదూర్ యాదవ్ నామినేషన్ తిరస్కరణకు కారణం అదే. ఆయన బీఎస్‌ఎఫ్ నుంచి 2017లో డిస్మిస్ అయ్యారు, ఆ సర్టిఫికెట్ పెట్టలేకపోయారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది. మీ బావగారిది మామూలు రిటైర్మెంట్ కాబట్టి ఈ గొడవ లేదు.

ఇక ఫారం 26 అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు, ఐదేళ్ల ఆదాయం అందరూ రాసేవే. ఫౌజీలను ఇరికించేది అందులోని ఇంకో కాలమ్: గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉన్నారా? ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోన్ బకాయిలు లేవని నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేయాలి. సివిల్ ఉద్యోగికి ఒకటో రెండో చోట్లు. ఫౌజీకి పదేళ్లలో మూడు నాలుగు స్టేషన్లు, ఒకటి జోధ్‌పూర్, ఒకటి జబల్‌పూర్. నోటిఫికేషన్ వచ్చాక అక్కడి ఎంఈఎస్ (సైన్యం క్వార్టర్లు, భవనాలు చూసే విభాగం) ఆఫీసులకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. క్వార్టర్ అప్పగించినప్పుడు ఇచ్చిన క్లియరెన్స్ కాగితాలు ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో ఇప్పుడే వెతికించండి. లేనివాటికి ఆయన సర్వీసులో ఉండగానే రాయించడం సులువు, బయటికొచ్చాక ఎవరూ పట్టించుకోరు. ఇంకో మాట, అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేకపోతే "లేదు" అని, వర్తించకపోతే "వర్తించదు" అని రాయాలి. రిటర్నింగ్ అధికారి గుర్తుచేసినా ఖాళీలు నింపకపోతే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఫోటో చిన్న విషయమే కానీ ఫౌజీలు తప్పకుండా తప్పు చేసేది దీనిలోనే. బ్యాలెట్ కోసం ఇచ్చే ఫోటో రెండు సెంటీమీటర్లు వెడల్పు, రెండున్నర ఎత్తు, తెల్లటి వెనుకభాగం, మూడు నెలల లోపు తీసింది కావాలి. యూనిఫాంలో ఉండకూడదు. టోపీ, నల్ల కళ్లజోడు వద్దు. మెడల్స్‌తో దిగిన ఆ గొప్ప ఫోటో హాల్లో గోడ మీదే ఉండనివ్వండి. ప్రచారంలోనూ అంతే. సైనికుల ఫోటోలు, సైన్యం కార్యకలాపాలు ప్రచారానికి వాడొద్దని కమిషన్ 2013లో చెప్పింది, 2019లో మళ్లీ గుర్తుచేసింది. తన పాత ఫోటోనే కదా అని వాదించే ఓపిక ఉంటే వేరు, నా సలహా మాత్రం ఫ్లెక్సీ మీద యూనిఫాం వద్దనే.

డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకు 12,500. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే తిరిగి రాదు. నామినేషన్లు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకానే. వేశాక అభ్యర్థిగా రాజ్యాంగానికి విధేయత ప్రమాణం చేయాలి, అదీ నామినేషన్ల పరిశీలన తేదీకి ముందు రోజుకల్లా. ఆఖరి రోజు చివరి నిమిషంలో వేసి ఊపిరి పీల్చుకునేవాళ్లు మర్చిపోయేది దీన్నే. పార్టీ టికెట్ అయితే ఏ ఫారం, బీ ఫారం సిరాతో చేసిన అసలు సంతకాలతో ఆఖరి రోజు 3 గంటల లోపు చేరాలి. జిరాక్స్ చెల్లదు.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి. పింఛను పడే ఖాతా పనికిరాదు, ఎందుకంటే అది సాధారణంగా భార్యతో జాయింట్. ఎన్నికల ఖాతాలో ఎన్నికల ఏజెంటు తప్ప కుటుంబ సభ్యులు జాయింట్‌గా ఉండకూడదు. ఖర్చు పరిమితి తెలంగాణలో 95 లక్షలు. మల్కాజిగిరిలో 2024 నాటికి ఓటర్లు 37 లక్షల పైనే. భాగహారం చేస్తే తలకు రెండున్నర రూపాయలు, ఇరానీ చాయ్‌లో సగం కూడా రాదు. ఒక్కరికి మొత్తం 10,000 దాటి నగదు ఇవ్వకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి. ఓడిపోయినవాళ్లు ఇక లెక్కలెందుకని వదిలేస్తారు, మూడేళ్లు అనర్హత పడొచ్చు, ఆ లోపు వచ్చే ఎన్నికలూ పోతాయి.

సాయం చేసే చేతుల విషయంలో అన్నిటికంటే జాగ్రత్త కావాలి. ఇంకా సర్వీసులో ఉన్న దోస్తులు ప్రేమతోనే వస్తారు. కానీ సాయుధ దళాల్లో ఉన్నవాళ్ల నుంచి అభ్యర్థి గెలుపు కోసం సాయం తీసుకోవడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7) సెక్షన్ కింద అవినీతి చర్య. గెలిచినా 45 రోజుల్లో ఎవరైనా హైకోర్టులో పిటిషన్ వేస్తే ఎన్నికే రద్దు కావచ్చు. రిటైరై మళ్లీ ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మిత్రుడు పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే అదే చట్టం 134ఏ సెక్షన్ కింద అతనికి మూడు నెలల దాకా జైలు పడొచ్చు. అందుకే యూనిట్ గ్రూపులో ప్రచార మెసేజ్‌లు పెట్టనే వద్దు. పూర్తిగా రిటైరై ఖాళీగా ఉన్నవాళ్ల జాబితా వేరే రాసుకోండి.

ఆ జాబితా ఎంత పొడుగున్నా మాజీ సైనికుల ఓట్లతో గెలుస్తాననుకోవద్దు. తిరుమలగిరి యూనిట్లలో తిరిగే జవాన్లలో ఎక్కువమంది ఓట్లు వాళ్ల సొంత ఊళ్లలో ఉంటాయి. ఇక్కడ స్థిరపడ్డవాళ్లు కూడా ఎన్నికల రోజు అందరిలాగే తలా ఒక పార్టీ. గెలిచిన ఫౌజీల లెక్క తీసినా అదే కనిపిస్తుంది. రాజేశ్ పైలట్ వాయుసేన వదిలి 1980లో నేరుగా భరత్‌పూర్‌లో గెలిచారు, బలమైన పార్టీ టికెట్ మీద. మన ఉత్తమ్ కుమార్ రెడ్డి మిగ్ విమానాలు నడిపిన మనిషి. 1994లో కోదాడలో ఓడి, 1999లో ఎమ్మెల్యేగా గెలిచి, నల్గొండ ఎంపీ అయ్యేసరికి 2019. నేవీ కెప్టెన్ విరియాటో ఫెర్నాండెజ్ 2022లో గోవా అసెంబ్లీకి ఓడి, 2024లో దక్షిణ గోవా ఎంపీ అయ్యారు. ముగ్గురూ పార్టీ అభ్యర్థులే. 2024లో దేశం మొత్తం మీద 543 సీట్లకు గెలిచిన స్వతంత్రులు ఏడుగురు.

కంటోన్మెంట్ బోర్డు ఎన్నికతో మొదలుపెడదామంటే, 2023లో ప్రకటించిన ఎన్నికలు రద్దయ్యాయి, దాని మీద ఆశ పెట్టుకోలేం. కాబట్టి అల్వాల్‌లోనే డివిజన్ స్థాయిలో ఏదో ఒక పార్టీ పని పట్టుకుని, బూత్ కమిటీలు ఎలా నడుస్తాయో ఒక ఎన్నికంతా చూడమనండి. మల్కాజిగిరి లాంటి చోట ఒక్కో బూత్‌కు ఒక ఏజెంటు అనుకున్నా వేల మంది కావాలి. 2024లో నామినేషన్ల ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. అంటే ఎన్నికల గుర్తు చేతికొచ్చాక దొరికింది రెండు వారాలే, ఆ రెండు వారాల్లో అంతమందిని కొత్తగా పోగేయడం ఎవరివల్లా కాదు.

ఈ వారం చేయాల్సింది చెప్పమంటే రెండే: క్వార్టర్ల క్లియరెన్సులు ఏ స్టేషన్‌వి ఉన్నాయో, ఏవి లేవో ఆయన్నే ఫోన్‌లో చెప్పమని ఒక కాగితం మీద రాయండి. అలాగే ఆయన సర్వీస్ ఓటు ప్రస్తుతం ఏ నియోజకవర్గంలో నమోదై ఉందో కనుక్కోండి.