సోవియట్ ఫైటర్ మోడల్‌కు రంగు వేసే ముందు కింద చెక్క ఉందో లోహం ఉందో చూసుకోండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: జర్మన్, బ్రిటిష్ విమానాల మోడళ్లు కొన్ని చేశారు, ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ఫైటర్లు మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఏ కిట్ కొనాలి, సరైన ఆకుపచ్చ ఏది, యుద్ధంలో వాడి నలిగిన విమానంలా ఎలా చూపించాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను చాలా ఏళ్లుగా ఎక్కువగా ఈ విమానాలే కడుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. మూడో ప్రశ్నతో మొదలుపెడతానండి. దానికి జవాబు తెలిస్తే మిగతా రెండూ తేలికవుతాయి.

మెసర్‌ష్మిట్, స్పిట్‌ఫైర్ మోడళ్లు చేసినవాళ్లకు చేయి ఒక పద్ధతికి అలవాటుపడిపోతుంది. రేకుల మధ్య గీతల్లోకి నల్లటి వాష్ (బాగా పలచన చేసిన రంగు) దించడం, రెక్క మొదట్లో వెండి రంగుతో పెచ్చులూడినట్టు చుక్కలు పెట్టడం. అదే పద్ధతి సోవియట్ ఫైటర్లయిన యాక్ మీదో, లావోచ్కిన్ (లాగ్, లా) మీదో వాడితే మోడల్ ఎంత శుభ్రంగా కట్టినా తప్పుగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ విమానాల్లో చాలా భాగం చెక్క. సోవియట్ యూనియన్‌కు అల్యూమినియం కొరత యుద్ధానికి ముందు నుంచే ఉంది. 1941లో జర్మన్ సైన్యం చొచ్చుకొచ్చాక జాపొరోజ్యే, వోల్ఖోవ్‌లలోని అల్యూమినియం కర్మాగారాలు కూడా అక్కరకు రాకుండా పోయాయి. బిర్చ్, పైన్ చెట్లకు మాత్రం ఆ దేశంలో లోటు లేదు. అందుకే లాగ్-3, లా-5 లాంటి ఫైటర్లను చెక్కతో కట్టారు.

లా-5నే తీసుకోండి. దాని ఒళ్లంతా బిర్చ్ పలకలను జిగురుతో పొరలు పొరలుగా అంటించి చేసిన గుల్ల. తోక మీద నిలువు రెక్క కూడా ఆ గుల్లతో కలిసిపోయే ఉంటుంది. రెక్కలు కూడా చెక్కే. లోహం కనిపించేది ఇంజిన్ చుట్టూ ఉండే కవర్లలో, చక్రాల తలుపుల్లో, ఫ్లాపుల్లో (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకల్లో), అక్కడక్కడా తెరిచి చూసే చిన్న మూతల్లో. తోకలో కదిలే భాగాలకు, ఐలెరాన్లకు (రెక్కల చివర కదిలే పలకలకు) లోహపు చట్రం మీద గుడ్డ కప్పుతారు. యాక్-1 ఇంకో రకం. దాని ఒంటికి వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాల చట్రం, ముందు సగానికి లోహపు రేకులు, పైలట్ వెనక భాగానికి బిగించిన గుడ్డ, రెక్కకు ప్లైవుడ్. మిగ్-3కి ఒళ్లు ముందు భాగం, రెక్క మధ్య భాగం లోహం. వెనక ఒళ్లు, రెక్కల చివరలు చెక్క. అంటే ఒకే మోడల్ మీద రెండు మూడు రకాల ఉపరితలాలు పక్కపక్కనే ఉంటాయి. నాకు ఈ విమానాల్లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ప్లైవుడ్ మీద పల్చటి గుడ్డ అంటించి, పుట్టీ పట్టి, అరగదీసి, ఆ పైన రంగు వేసేవారు. అలాంటి రెక్క మీద అతుకుల గీతలు వెతకడం ఏటికొప్పాక లక్కబొమ్మ మీద అతుకు వెతకడమే. మీ కిట్‌లో చెక్క రెక్క మీద రేకుల గీతలు చెక్కి ఉంటే వాటి మీద మందమైన ప్రైమర్ కుంచెతో రాసి, బాగా ఎండాక 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. ఐలెరాన్, ఫ్లాప్, ఇంధనపు మూత, తుపాకుల కవర్ల చుట్టూ గీతలు మాత్రం ఉండనివ్వండి. వాష్ కూడా అక్కడే వేయండి, అదీ నలుపు వద్దు, ముదురు బూడిద చాలు.

మరి వాడకం ఎలా చూపించాలి? మెకానిక్‌లు ఎక్కి దిగే రెక్క మొదట్లో వెండి చుక్కలకు బదులు ముందు వేసిన రంగు కంటే కాస్త పాలిపోయిన ఛాయ, దాని మీద మట్టి. పచ్చిక మైదానాల నుంచి ఎగిరేవారు కాబట్టి చక్రాల వెనక, రెక్క అడుగున మట్టి చిందులు న్యాయమే. ఇంజిన్ కవర్ల మీద మాత్రం ఎక్కడో ఒకటీ అరా లోహం బయటపడినట్టు చూపించవచ్చు. అయినా స్పాంజ్‌తో కవరంతా అద్దకండి, స్క్రూల చుట్టూ, అంచుల దగ్గర చాలు. లోహం మీద వేసే ఏఎల్‌జీ-1 అనే ప్రైమర్ పసుపు ఛాయలో ఉంటుంది. వెండికి ముందు ఆ పసుపు లేశమాత్రంగా కనిపిస్తే చూడటానికి ఎంతో నమ్మకంగా ఉంటుంది. ఇంజిన్ పొగ మసి మీద మనసు పెట్టండి. యాక్‌లకు ముక్కుకు రెండు పక్కలా వరసగా పొగ గొట్టాలు, అక్కడి నుంచి రెక్క మొదలు మీదుగా వెనక్కి పాకే గోధుమరంగు నలుపు చార. బాగా పలచన చేసిన రంగును ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న గన్‌తో) చాలా పొరలుగా వేస్తే తప్ప అది కుదరదు.

ఇక రంగులు. ఇక్కడ తేదీ ముఖ్యం. 1941 వేసవి నుంచి ఫైటర్లకు పైన ఆకుపచ్చ, నలుపు పట్టీలు, కింద లేత నీలం. సోవియట్ రంగుల పేర్లలో ఇవి ఏఎంటీ-4 ఆకుపచ్చ, ఏఎంటీ-6 నలుపు, ఏఎంటీ-7 నీలం. స్టాలిన్‌గ్రాడ్ నాటి యాక్-1లు, తొలి లా-5లు ఇవే రంగుల్లో ఉంటాయి. 1943 జులైలో కొత్త ఆదేశం వచ్చింది. ఫైటర్ల పైభాగానికి రెండు బూడిదలు: నీలం కలిసిన ఏఎంటీ-11, ముదురు బూడిద ఏఎంటీ-12. అడుగున నీలం అలాగే ఉంది. ఫ్యాక్టరీల్లో ఉన్న పాత రంగు ఒక్క రోజులో మాయం కాదు కాబట్టి మార్పు నెమ్మదిగా జరిగింది. కానీ 1944 నాటి లా-7కో, యాక్-3కో ఆకుపచ్చ నలుపు పట్టీలు వేసిన పాత బొమ్మలు కనిపిస్తే వాటిని నమ్మకండి. సరైన ఆకుపచ్చ ఏదని మీరు అడిగారు. మీరు కట్టేది యుద్ధం రెండో సగంలోని ఫైటర్ అయితే మీకు కావలసింది అసలు ఆకుపచ్చే కాదు.

ఈ పేర్లతోనే వలేహో, ఏకే కంపెనీలు రంగుల సీసాలు అమ్ముతాయి, మనకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒక్క నలుపు విషయంలో మాత్రం సీసాలోది నేరుగా వాడకండి. చిన్న మోడల్ మీద అచ్చమైన నలుపు రంధ్రంలా కనిపిస్తుంది, ఆకారాన్ని మింగేస్తుంది. బూడిద కలిపి బొగ్గు ఛాయకు తేవాలి. పట్టీల అంచు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్ల మెత్తటి అంచు ఉంటే 1/72 మోడల్‌లో (అసలు దానికి 72వ వంతు) అది ఒక్క మిల్లీమీటరే అవుతుంది. చేత్తో అంత సన్నగా స్ప్రే చేయడం నాకు సాధ్యం కాదు. బ్లూటాక్ అనే మెత్తటి జిగురు ముద్దను సన్నటి పాముల్లా చుట్టి, అంచు వెంట అంటించి, పైనుంచి నిటారుగా స్ప్రే చేస్తాను. ప్రతిసారీ కుదురుతుంది.

ఎర్ర నక్షత్రాల దగ్గర కొత్తవాళ్లు తరచు తడబడతారు. యుద్ధం మధ్య నుంచి చివరి దాకా ఫైటర్ల రెక్కల పైన నక్షత్రం ఉండదు. రెక్కల అడుగున, ఒంటికి రెండు పక్కలా, తోక మీద ఉంటాయి. 1943 శరదృతువు నుంచి నక్షత్రానికి తెల్లటి అంచు, దాని చుట్టూ సన్నటి ఎర్ర గీత వచ్చాయి. అంతకు ముందు అంచు లేకుండానో, సన్నటి నల్ల గీతతోనో ఉండేవి. మీ డెకాల్ షీట్ (నీటిలో నానబెట్టి అతికించే గుర్తుల కాగితం), మీరు ఎంచుకున్న రంగుల వరస ఒకే కాలానివో కాదో ఇక్కడ సరిచూసుకోవచ్చు.

చలికాలపు తెల్ల విమానం చేయాలని ఉంటే అది వేరే ఆనందం. ఎంకే-7 అనే కడిగేయగల తెల్లరంగును ఆకుపచ్చ నలుపుల మీద పూసేవారు. వసంతం వచ్చేసరికి అది అరిగి, కింది రంగు చూపుతుంటుంది. మోడల్ మీద ఆకుపచ్చ వేసి, వార్నిష్ కొట్టి, దాని మీద మామూలు హెయిర్‌స్ప్రే, ఆ పైన పల్చగా తెల్ల అక్రిలిక్ వేయండి. అరగంటలో తడి కుంచెతో గీరితే తెలుపు పొట్టులా లేస్తుంది. రాతి పలకల్లాంటి పెచ్చులు కాకుండా అరిగిన మరకలు రావాలి, అందుకు కుంచె వెంట్రుకలు పొట్టిగా ఉండాలి.

మాది కాకినాడ. సముద్రం పక్కన ఈ పని చేసేవాళ్లకు మోడలింగ్ పత్రికలు చెప్పని బాధ ఒకటుంది, గాలిలో తేమ. వానాకాలంలో లాకర్ రకం మ్యాట్ వార్నిష్ కొడితే తెల్లటి పొగలాంటి పొర కమ్ముతుంది. ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడి నీరు పట్టడం వల్ల అది వస్తుంది. వాన లేని మధ్యాహ్నం కొట్టండి, థిన్నర్‌లో కాస్త రిటార్డర్ (రంగు ఎండటాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలపండి, లేదా ఆ ఒక్క పొరకు నీటి ఆధారిత వార్నిష్ వాడండి. మేలో సమస్య తిరగబడుతుంది. అక్రిలిక్ ఎయిర్‌బ్రష్ సూది కొస మీదే ఎండి ఉమ్మేస్తుంది. అప్పుడూ రిటార్డరే మందు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు తేమ బాధ తక్కువ, ఎండ బాధ అంతే.

ఏ విమానం ఎంచుకోవాలన్న దానికి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: కథ ఉన్న విమానం కట్టండి. 1942 డిసెంబరులో సరాతోవ్ ప్రాంతపు సామూహిక రైతు ఫెరపోంత్ గొలొవాతీ తేనె అమ్మిన సొమ్ముతో లక్ష రూబుళ్లు ఇచ్చి సైన్యానికి ఒక యాక్-1 కొనిపెట్టాడు. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో ఉన్న మేజర్ బొరీస్ యెర్యోమిన్‌కు దాన్ని ఇచ్చారు. విమానం పక్కన ఆ రైతు పేరు, పైలట్ పేరు రాయించారు. ఆ యాక్ ఇప్పటికీ సరాతోవ్ ప్రాంతీయ మ్యూజియంలో ఉంది. సోవియట్ ఫైటర్ పైలట్ ఇవాన్ కొజెదూబ్ నడిపిన లా-5ఎఫ్ఎన్ కూడా వసీలీ కోనెవ్ అనే రైతు కానుకే. 62 శత్రు విమానాలు కూల్చాడని లెక్కకెక్కిన కొజెదూబ్ తర్వాత ఎగిరిన 27 నంబరు లా-7 మాస్కో దగ్గర మోనినో మ్యూజియంలో ఉంది. ఒక సాధారణ రైతు పేరు సిరిలిక్ అక్షరాల్లో చిన్న రెక్కల విమానం మీద సరిగ్గా కూర్చోబెట్టినప్పుడు, యుద్ధం నడిచింది ఎవరి కష్టార్జితంతోనో అర్థమవుతుంది. ఈ మోడళ్లు కట్టడంలో నాకు దొరికిన సంతోషమంతా అక్కడే ఉంది.

ఇందుకు విరుద్ధంగా, సోవియట్ మహిళా పైలట్ లీదియా లిత్వ్యాక్ యాక్ మీద తెల్ల పువ్వు బొమ్మ వేసే డెకాళ్లు చాలా కనిపిస్తాయి. 1943 ఆగస్టు 1న, ఇంకా 22 నిండకుండానే యుద్ధంలో చనిపోయిన ఆ పైలట్ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఆ పువ్వుకు ఫొటో ఆధారం లేదు. ఆమె విమానం పువ్వు లేకుండా కట్టడమే ఆమెకు మర్యాద అని నా నమ్మకం.

లోహపు విమానాల అలవాటు వదలబుద్ధి కాకపోతే పోక్రిష్కిన్ లాంటి సోవియట్ పైలట్లు ఎగిరిన అమెరికన్ ఎయిరాకోబ్రా (పీ-39) ఉండనే ఉంది. అలాస్కా నుంచి సైబీరియా మీదుగా, ఇరాన్ దారిలోనూ వచ్చిన పీ-39 దాదాపు పూర్తిగా లోహం. అమెరికన్ ఆలివ్ ఆకుపచ్చ, అడుగున బూడిద. అమెరికా గుర్తుల మీద రంగు పూసి ఎర్ర నక్షత్రాలు దించారు కాబట్టి నక్షత్రం చుట్టూ కాస్త వేరే ఆకుపచ్చ మచ్చ చూపించవచ్చు. వెండి చుక్కలన్నీ దీని మీద తీర్చుకోండి.

కిట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటిదానికి రష్యన్ కంపెనీ జ్వెజ్దా 1/72 లా-5ఎఫ్ఎన్ మంచిది. జిగురు లేకుండా బిగించే రకమే అయినా నేను జిగురుతోనే కడతాను. రెక్క చివరి నుంచి చివరికి పదమూడున్నర సెంటీమీటర్లే, రంగు సాధనకు సరిపోతుంది. 1/48లో జ్వెజ్దా యాక్-3కి లోపల ఇంజిన్ కూడా ఇస్తారు. పోలండ్ కంపెనీ ఆర్మా హాబీ 1/72 యాక్-1బీ, చెక్ కంపెనీ ఎడ్వార్డ్ లా-7 రెండో మూడో ప్రయత్నానికి ఉంచుకోండి. కాక్‌పిట్ లోపలికి ఉక్కు బూడిద ఛాయ చాలు, అద్దం మూసేస్తే పెద్దగా కనిపించదు. మూత తెరిచి పెడితే చరిత్రకు తప్పేం కాదు. అప్పటి ప్లెక్సీగ్లాస్ నాణ్యత బాగోక చాలామంది పైలట్లు యుద్ధం తొలి ఏళ్లలో తెరిచే ఎగిరేవారు.

డెకాళ్లు కొన్న వెంటనే జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. మన తేమకు అవి కవర్లోనే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అతికించేటప్పుడు నిగనిగలాడే (గ్లాసీ) వార్నిష్ మీదే పెట్టి, మెత్తబరిచే ద్రావకం రెండు విడతల్లో రాయండి. పాత జ్వెజ్దా డెకాళ్లు మొండివి, మొదటి విడతకు లొంగవు. మీరు ఏ విమానం, ఏ నెల, ఏ రెజిమెంట్ అనుకుంటున్నారో కింద రాస్తే ఏ రంగుల వరస సరిపోతుందో చెబుతాను.